అరుగుదల ఎవరి మీద?

1

నీతిని గురించి రాసేవారు సాధారణంగా పెద్ద సందర్భాలనే ఎన్నుకుంటారు. ధర్మసంకటంలో పడిన రాజు, సత్యం కోసం సర్వస్వం పోగొట్టుకున్న మహానుభావుడు, ప్రాణత్యాగం చేసిన వీరుడు, వీరి చుట్టూనే మన నీతిచర్చ చాలాకాలం తిరిగింది. సామాన్యుడు తన పనిలో రోజూ ఎదుర్కొనే ప్రశ్నలు అందులోకి రావు. వచ్చినా దృష్టాంతాలుగా వస్తాయి గాని ప్రశ్నలుగా రావు.

ఈ వ్యాసంలో ఎత్తుకునే ప్రశ్న చాలా చిన్న వస్తువుకు సంబంధించింది. పాత మోటారు వాహనంలో ఇంజన్ను లేపే మోటారుకు ఒక కంచు బుష్షు ఉంటుంది. అది అరిగిపోయింది. దాన్ని మార్చాలి. ఇది మెకానిక్కు పని గదా, సాహిత్య పత్రికకు ఇందులో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. ఆ పనిలో నీతికి సంబంధించిన ఒక మూలప్రశ్న ఇమిడి ఉన్నదని, దానికి షెడ్డులో దొరికే జవాబు మన నీతిగ్రంథాల్లో దొరికే జవాబుకన్న మెరుగైనదని నా వాదన.

ఇలాంటి చూపు మనకు కొత్తది కాదు. గద్వాల ప్రాంతంలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డిగారు తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కకుపెట్టి, ప్రజల తిండి, బట్ట, వృత్తులు, ఆటపాటలు చరిత్ర అని చూపించారు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమానం ఆ గ్రంథానికే. చరిత్రకు పనికివచ్చిన ఆ చూపు నీతిచర్చకు ఎందుకు పనికిరాదు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలైనాయి. అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ప్రజల నోట మూడూ పాలమూరే. గద్వాల వైపు సీడు పత్తి, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వేరుసెనగ. ఇక్కడ ట్రాక్టరు ఒక పూట ఆగితే దాని యజమాని పూట మాత్రమే పోదు, దాన్ని నమ్ముకుని చేనుకు వచ్చిన కూలీల పూట కూడ పోతుంది. కొత్త బండి కొనే స్తోమతు లేనివాడు పాత బండిని నడుపుకోక తప్పదు. కాబట్టి పాత బండి మరమ్మతు ఇక్కడ వినోదం కాదు, జీవనాధారం.

2

ముందు వస్తువును సరిగా చూడాలి. వస్తువును చూడకుండా నీతి చెప్పటం మనకు బాగా అలవాటైన దోషం.

ఇంజన్ను లేపే మోటారును మనవాళ్లు 'సెల్ఫ్' అంటారు. తనంతట తాను లేచేది అని అర్థం. పేరు గొప్పదే గాని లోకంలో ఏదీ తనంతట తాను లేవదు. సెల్ఫ్ మోటారు లోపల ఆర్మేచరు తిరుగుతుంది. దాని ఉక్కు షాఫ్టు కొసలు చిన్న చిన్న బుష్షుల్లో కూచుంటాయి. ఆర్మేచరుకూ దాని చుట్టూ ఉన్న అయస్కాంతపు దిమ్మెలకూ మధ్య సందు చాలా సన్నం. ఆ సందును కాపాడేది బుష్షు. ఉంగరమంత వస్తువు.

ఉక్కు మీద ఉక్కు రాసుకుంటే రెండూ చెడతాయి. అందుకని ఉక్కు షాఫ్టు కింద దానికన్న మెత్తని లోహం పెట్టారు. ఈ బుష్షులు ఎక్కువగా రాగి తొమ్మిది పాళ్లు, తగరం ఒక పాలు కలిసిన కంచుతో చేస్తారు. లోహాన్ని పోతపోయరు. పొడి చేసి, అచ్చులో వొత్తి, పూర్తిగా కరగని వేడిలో కాలుస్తారు. అందువల్ల దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. బుష్షులో సుమారు అయిదో వంతు ఆ ఖాళీయే. అందులో నూనె నిలుస్తుంది. షాఫ్టు తిరిగి వేడి పుట్టగానే నూనె పైకి ఊరుతుంది, ఆగి చల్లారగానే మళ్లీ లోపలికి ఇంకుతుంది.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. రాపిడి ఉన్నంతకాలం అరుగుదల ఉంటుంది. దాన్ని రద్దుచేయటం ఎవరి వశమూ కాదు. కాని అది ఎక్కడ పడాలో నిర్ణయించటం మనిషి చేతిలో ఉంది. తక్కువ ఖరీదుది, తేలికగా తీసి వేయగలిగినది ఏదో చూసి, అరుగుదలను దాని మీదికి మళ్లించటమే బుష్షు వెనక ఉన్న ఆలోచన.

మార్చటానికి కూడ పద్ధతి ఉంది. పాత బుష్షును ఉలితో ఎట్లాపడితే అట్లా కొడితే అది కూచునే గూడు చెడుతుంది. వెనక మూసి ఉన్న గూడైతే లోపల గ్రీజు కూరి, రంధ్రానికి సరిగ్గా పట్టే కడ్డీతో కొడతారు. గ్రీజే బుష్షును వెనక నుంచి బయటికి నెడుతుంది. కొత్త బుష్షును వేసే ముందు పల్చని ఇంజనాయిలులో ఒక రోజంతా నానవేయాలి. తొందరైతే నూరు డిగ్రీల వేడి నూనెలో రెండు గంటలు ఉంచి, ఆ నూనెలోనే చల్లారనివ్వాలి. లోపల బిగువుగా ఉందని రీమరు పెట్టి గీకకూడదు. గీకితే రంధ్రాలు పూడిపోతాయి, నూనె ఊరదు.

ఈ నానవేయటం బండి యజమానికి కనిపించదు. నానవేయని బుష్షుతో కూడ బండి ఆ రోజుకు లేస్తుంది. డబ్బులు చేతికి వస్తాయి. తేడా తెలిసేది తర్వాత. ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని పని చేయటాన్ని శాస్త్రాలు అంతరాత్మ అన్నాయి. షెడ్డులో దాని పేరు నూనెలో నానవేయటం.

3

బుష్షు అరిగినప్పుడు బుష్షు కేక వేయదు. కేక మరొకచోట వినిపిస్తుంది. తప్పు ఒకచోట ఉండి బాధ మరొకచోట కనిపించటం యంత్రాలకూ సంఘానికీ సమానమైన గుణం.

ఒక రైతును ఊహించుకుందాం. పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ నీరసంగా మూలుగుతుంది. బ్యాటరీ దిగిపోయిందనుకుని చార్జి పెట్టిస్తాడు. రెండురోజులకు మళ్లీ అదే. అప్పుచేసి కొత్త బ్యాటరీ వేయిస్తాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లేస్తుంది, మధ్యాహ్నం చేనులో ఆపితే మళ్లీ లేవదు. చివరకు షెడ్డుకు తెచ్చి, "కొత్త బ్యాటరీ ఏసి నెల గూడ కాలే అన్నా, మల్ల ఎందుకు తిరుగుతలేదు?" అంటాడు. మెకానిక్కు మోటారు విప్పి, షాఫ్టు కొస పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపిస్తాడు. "బ్యాటరీది కాదన్నా. బుష్షు పోయింది. లోపల రాసుకుంటున్నది, సూడు."

జరిగినదేమిటి? బుష్షు అరిగి షాఫ్టు పక్కకు వాలింది. ఆర్మేచరు పోయి దిమ్మెలను రాసుకుంటోంది. తిరగటానికి ఎక్కువ కరెంటు లాగుతోంది. మోటారు కాలుతోంది, బ్యాటరీ ఖాళీ అవుతోంది. బుష్షు మీద ఆగవలసిన అరుగుదల ఆర్మేచరు మీదికి పోయింది, అక్కడి నుంచి బ్యాటరీ మీదికి, అక్కడి నుంచి రైతు జేబు మీదికి పోయింది. ఇక బ్యాటరీ కూడ చాలనప్పుడు నలుగురు కూలీలు దిగి బండిని తోస్తారు. అప్పుడు అరుగుదల మనిషి భుజం మీదికి వచ్చింది.

ఈ చివరి మెట్టును తేలికగా తీసుకోరాదు. సెల్ఫ్ మోటారు చరిత్రే భుజం మీది బరువును దించిన చరిత్ర. అంతకు ముందు కార్లను ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పి లేపేవారు. ఇంజను ఎదురుతన్నితే హ్యాండిలు వెనక్కి తిరిగి మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చింది. తర్వాత కూడ చాలాకాలం హ్యాండిలు తోడుగానే ఉంది. మన అంబాసిడరు కార్లలో మొదటి తరాలవాటికి హ్యాండిలు పెట్టే వీలుండేది. ఆ అంబాసిడరు తయారీ కూడ 2014లో ఆగిపోయింది. మణికట్టును కాపాడటానికి పుట్టిన యంత్రంలో చిన్న బుష్షును మార్చకపోతే బరువు మళ్లీ మనిషి ఒంటిమీదికే వస్తుంది. మార్చని మరమ్మతు మాయమైపోదు. మరొకరు దాన్ని మోస్తూ ఉంటారు.

కనుక ప్రశ్నను ఈ విధంగా పెట్టుకోవచ్చు. అరుగుదల ఎక్కడో ఒకచోట పడక తప్పదు. అది ఎవరి మీద పడాలి? ఎవరు నిర్ణయించాలి?

4

ఇక్కడ కవిహృదయం గలవారికి ఒక ఉపమానం తోచకమానదు. ఉక్కు షాఫ్టును కాపాడటానికి తాను అరిగిపోయే బుష్షు త్యాగమూర్తి అనీ, సంఘాన్ని నడపటానికి తాను కరిగిపోయే శ్రమజీవి బుష్షువంటివాడనీ వారు రాయగలరు. మన అభ్యుదయ కవిత్వంలో సైతం ఇలాంటి ఉపమానాలు కొల్లలు. కొవ్వొత్తి, గానుగెద్దు, చెప్పు, ఇటుక, అన్నీ అయిపోయాయి. బుష్షు ఒక్కటే మిగిలింది.

ఈ ఉపమానాన్ని నేను ఒప్పుకోను. అది శ్రమజీవిని పొగుడుతున్నట్టు కనిపిస్తూ, అతడు అరగటం సహజధర్మమని ఒప్పిస్తుంది.

పాలమూరు కూలీని చూడండి. కృష్ణ ఒడ్డున పుట్టి నీళ్లు లేక వలసపోయిన మనిషి అతడు. దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు, కాలవలు, సొరంగాలు, రోడ్లు కట్టిన చేతులు అతడివి. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అప్పు కింద కుటుంబాలకు కుటుంబాలు నెలల తరబడి దూరదేశంలో పనిచేసేవి. నడుము పడిపోయినవాడు ఊరికి తిరిగివచ్చేవాడు, అతడి స్థానంలో మరొకడు పోయేవాడు. కంట్రాక్టరు లెక్కలో ఇది సరిగ్గా బుష్షు మార్చటమే. తక్కువ ఖరీదుది, తేలికగా దొరికేది ఏదో చూసి అరుగుదలను దానిమీదికి మళ్లించాడు. అరిగినదాన్ని తీసి కొత్తది వేశాడు. అతడి దృష్టిలో యంత్రం బాగానే నడుస్తోంది.

తేడా ఇక్కడే ఉంది. బుష్షు అరగటానికే చేసిన వస్తువు. దానికి ఆ పని తప్ప మరో జీవితం లేదు. మనిషిని ఎవరూ అరగటానికి చేయలేదు. బుష్షును మార్చటం మరమ్మతు. మనిషిని మార్చటం మరమ్మతు కాదు, అది నేరాన్ని మరమ్మతు అని పిలవటం. మనుషుల విషయంలో మరమ్మతు అంటే అరుగుదలను వారి మీది నుంచి తీసి వస్తువుల మీదికి మళ్లించటం. రాళ్లు మోసే తలకు బదులు క్రేను, ఎదురుతన్నే హ్యాండిలుకు బదులు సెల్ఫ్, నలుగురు తోసే బండికి బదులు సరైన బుష్షు. నాగరికత ముందుకు పోతున్నదా లేదా అని తెలుసుకోవటానికి ఇంతకన్న నమ్మదగిన కొలత నాకు కనపడదు.

5

ఇప్పుడు మెకానిక్కు దగ్గరికి వద్దాం. అతడి ముందు రెండు దారులున్నాయి. బుష్షు ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది, కొత్త సెల్ఫ్ మోటారు వేలల్లో ఉంటుంది. బుష్షు మార్చాలంటే మోటారు దించి, విప్పి, శుభ్రం చేసి, నానవేసి, బిగించి, పరీక్షించాలి. పూట పని. కొత్త మోటారు వేయటం తొందరగా అయిపోతుంది, పైగా అమ్మకం మీద లాభం మిగులుతుంది. బుష్షు మార్చినవాడు న్యాయమైన కూలి అడిగితే, "ఇంత చిన్న ముక్కకు ఇంత పైసలా?" అని బేరం వస్తుంది. కొత్త మోటారుకు వేలు పోసినవాడు మారు మాట్లాడడు. వస్తువుకు ధర ఉందని అందరూ ఒప్పుకుంటారు గాని, ఏ వస్తువు చెడిందో తెలుసుకున్న జ్ఞానానికి ధర ఉందని ఒప్పుకోవటం కష్టం. ఫలితంగా నిజాయితీగా పనిచేసినవాడికి జరిమానా, చేయనివాడికి బహుమానం.

దీనికి భావవాదులు చెప్పే పరిష్కారం తేలిక. మెకానిక్కు మంచివాడు కావాలి, అంతే. కాని రోజూ జరిమానా కట్టి మంచివాడుగా మిగలమని ఒకణ్ణి అడిగే హక్కు, ఆ జరిమానా విధించే మనకెక్కడిది? మరికొందరు దీనికి పూర్తిగా ఎదురు మాట చెబుతారు. పరిస్థితులు మారేదాకా వ్యక్తి నీతికి అర్థం లేదంటారు. ఇదీ యాంత్రికమైన వాదమే. ఈ పరిస్థితుల్లోనే, ఈ ఊళ్లలోనే, బుష్షు నానవేసేవారు ఉన్నారు, నానవేయనివారూ ఉన్నారు. తేడాను పరిస్థితుల్లో కలిపేస్తే మొదటివారికి అన్యాయం చేసినట్టే.

సరైన జవాబు షెడ్డులోని ఒక చిన్న ఆచారంలో ఉంది. మంచి మెకానిక్కు తీసిన పాత బుష్షును యజమాని అరచేతిలో పెడతాడు. ఒకపక్క అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి పోయిన రంధ్రాన్ని అతడు తన కంటితో చూస్తాడు. అప్పుడు జ్ఞానం ఒకరి గుట్టుగా ఉండదు. నమ్మకం భక్తిగా ఉండదు, పరీక్షకు నిలిచిన సంబంధం అవుతుంది. నిజాయితీ అంటే ఒక మనిషి గుండెలో దాగిన గుణం మాత్రమే కాదు, ఇద్దరు మనుషుల మధ్య నడిచే వ్యవహారం కూడ.

నిజాయితీ అంటే ఎప్పుడూ చవక దారి కాదని కూడ చెప్పాలి. బుష్షు అరిగి చాలాకాలమై, ఆర్మేచరు రేకులు దిమ్మెలకు రాసుకుని తెగి, చుట్లు కాలిపోతే బుష్షు ఒక్కటే మార్చటం మోసం. అప్పుడు మోటారే మార్చాలని చెప్పటం నిజాయితీ. బీదవాడి మీద జాలితో తప్పుడు ఆశ అమ్మటం కూడ అమ్మకమే.

కాని వ్యవహారం ఇద్దరితోనే ఆగదు. మెకానిక్కు బుష్షు మార్చాలంటే బుష్షు విడిగా అంగట్లో దొరకాలి. విడిభాగాలను బజారులో దొరకనీయకుండా, తమ సర్వీసు కేంద్రాల చుట్టూ తిప్పుకుంటున్నారన్న కేసులో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. ఈ తగవులు ఢిల్లీలో నడిచేవే అయినా, నాగర్‌కర్నూలు షెడ్డులో ఒక మనిషి నిజాయితీగా ఉండగలడా లేదా అన్నది కొంతవరకు అక్కడ తేలుతుంది. విడిభాగం దొరకనిచోట నిజాయితీకి పనిముట్టు లేదు.

పనిముట్టుతో బాటు చదువు కావాలి. వనపర్తి రాజాగారి భవనంలో నేడు పాలిటెక్నిక్ నడుస్తోంది. సంస్థానాధీశుడు కూచున్న చోట యంత్రవిద్య చెప్పటం చరిత్రలో చిన్న మార్పు కాదు. ఐతే ఆ భవనానికీ రోడ్డు పక్క షెడ్డుకూ మధ్య దూరం ఇంకా తరగలేదు. షెడ్డులో స్పానర్లు అందించే కుర్రవాడు పని నేర్చుకుంటాడు గాని, కారణం చాలాసార్లు నేర్చుకోడు. నానవేయాలని ఉస్తాదు చెబితే నానవేస్తాడు. రంధ్రాల సంగతి తెలిస్తే ఎవరూ చెప్పకపోయినా నానవేస్తాడు. ఆజ్ఞకూ నీతికీ ఉన్న తేడా కారణం తెలియటంలోనే ఉంది.

6

చివరగా, అసలు పాత బండిని నిలబెట్టటం ఎందుకు అనే ప్రశ్న మిగిలింది. మార్క్స్ 'పెట్టుబడి'లో యంత్రాలకు రెండు రకాల అరుగుదల ఉందంటాడు. ఒకటి భౌతికమైనది, వాడకం వల్ల, వాడకపోవటం వల్ల కలిగేది. రెండోది నైతికమైనది. యంత్రం బాగానే ఉన్నా, అదే యంత్రం చవకగా తయారైతేనో, మెరుగైనది బజారులోకి వస్తేనో దాని విలువ పడిపోతుంది. ఆ 'నైతిక' అనే మాటకు అక్కడ నీతితో నేరుగా సంబంధం లేదు. అయినా ఆ మాట మనకు ఉపయోగపడుతుంది. బుష్షు అరగటం భౌతికం. 'ఈ పాత బండిని ఇంకా పట్టుకుని వేళ్లాడతావా' అన్న మాటతో యజమాని మనసులో బండి విలువ పడిపోవటం రెండో రకం. మొదటిదానికి మందు కంచు ముక్క. రెండోదానికి మందు అమ్మే అంగళ్లలో దొరికేది కొత్త బండి, దాని వెనక కొత్త అప్పు.

అలాగని పాతదాన్ని పూజించటం కూడ తగదు. 2021లో కేంద్ర ప్రభుత్వం వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పించాలని నిబంధన వచ్చింది. పాత ఇంజన్ల పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, అరిగిన బ్రేకులు ప్రాణాలు తీస్తాయి. ఇదీ మనిషి మీద పడే అరుగుదలే. మనం పెట్టుకున్న కొలతతోనే దీన్ని కూడ కొలవాలి. రోడ్డు మీది మనిషికి హానిచేసే బండి ఎంత ముచ్చటైనదైనా పోవలసిందే. ఐతే దాన్ని తీసివేసే ఖర్చు ఎవరు భరించాలన్నది మళ్లీ అదే ప్రశ్న. పరీక్షలో తప్పిన బండిని తుక్కుకు వేయమని చెప్పి, దాని మీద బతికే రైతునూ డ్రైవరునూ వారి ఖర్మకు వదిలేస్తే, పొగ రూపంలో ఉన్న అరుగుదలను అప్పు రూపంలోకి మార్చామే గాని తీసివేయలేదు.

మన నీతిగ్రంథాలు మనిషిని ఎట్లా సహించాలో, ఎట్లా త్యాగం చేయాలో నేర్పాయి. అంటే, అరుగుదల తన మీద పడినప్పుడు మనిషి ఎట్లా ప్రవర్తించాలో చెప్పాయి. అరుగుదల అతడి మీద ఎందుకు పడాలని మాత్రం అడగలేదు. షెడ్డులో మొదట అడిగే ప్రశ్నే అది. ఎక్కడ రాసుకుంటున్నది? ఎందుకు రాసుకుంటున్నది? ఏది తీసి ఏది వేస్తే ఆగుతుంది? ఈ మూడు ప్రశ్నలను బండి మీది నుంచి సంఘం మీదికి తిప్పగలిగిన రచయిత ఉపమానాల కోసం వెతుక్కోనక్కరలేదు. త్యాగాన్ని పొగడటం మానేసి, బుష్షు ఎక్కడ పెట్టాలో వెతకటం మొదలుపెడతాడు.